ఎముక పెరిగిన పింగాణీ

ఆ ఎముకల డాక్టరు మా ప్రయోగశాలకు మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక చెప్పుల డబ్బా ఉంది. ఎనభైల మొదట్లో మాట. బయట సన్నగా వాన. గొడుగు మూలకు ఆనించి, డబ్బా మూత తీసి, దూదిలోంచి ఒక ఎముక ముక్కను తీసి మా సార్ బల్ల మీద పెట్టాడు. వైద్య విద్యార్థులకు చూపించే ఎండిన ఎముక అది. మోకాలి కింద అడ్డంగా కోసినది.

"నాకు ఇట్లాంటిది కావాలి. చేయగలరా?" అని కన్నడంలో అడిగాడు.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ఆ ప్రయోగశాలలో చేరి అప్పటికి ఏడాది దాటింది. మా విభాగంలో పింగాణీ పని. కరెంటు స్తంభాల మీద తెల్లటి గిన్నెలు బోర్లించినట్టు కనిపించే ఇన్సులేటర్లు, లోహాలు కరిగించే మూసలు, ఇవీ మేం చేసేవి. మా తంటాలన్నీ ఒక్కదాని కోసమే: లోపల ఎక్కడా రంధ్రం మిగలకూడదు. రంధ్రం ఉంటే కరెంటు దారి చేసుకుంటుంది, వేడికి ముక్క పగులుతుంది. రంధ్రం కనబడిందంటే ఆ ముక్క చెత్తబుట్టలోకే. అలాంటి చోటికి ఒక డాక్టరు వచ్చి, నిండా రంధ్రాలున్న పింగాణీ కావాలంటున్నాడు.

మా సార్ భూతద్దం తీసి ఆ ఎముకను చాలాసేపు చూశారు. ఆయనది కోలారు పక్క పల్లె. ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడేవారు, ప్యూన్లతో కన్నడం. ఏదైనా నచ్చిందంటే మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగు బయటికి వచ్చేసేది.

"ఇట్ల రామ్మా, చూడు. ఏం పని చేసిపెట్టిండాడప్పా దేవుడు!"

నేనూ చూశాను. ఎముకంటే రాయిలాగా గట్టి ముద్ద అనుకునేదాన్ని అంతవరకూ. పైన పలచటి గట్టి పెంకు ఉంది, నిజమే. లోపల మాత్రం అంతా సన్న సన్న కమ్మీలు. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ వేలకొద్దీ కమ్మీలు, వాటి మధ్య చిన్న చిన్న గదులు, ప్రతి గదికీ పక్కగదిలోకి కిటికీ. మనిషి బరువంతా దీని మీద నిలబడుతుందా అనిపించింది. తల ఎత్తేసరికి డాక్టరు నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆయన కూడా మొదటిసారి అలాగే చూసి ఉంటాడు.

ఆయన బాధ ఏమిటంటే, గడ్డల వల్లనో దెబ్బల వల్లనో ఎముకలో పెద్ద బోలు ఏర్పడ్డవాళ్ళు ఆస్పత్రికి వస్తారు. ఆ బోలు నింపడానికి రోగి తుంటి నుంచే కొంత ఎముక గీరి తీస్తారు. అది చాలకపోతే దారి లేదు. ఎముకలో ఉండే ఖనిజాన్నే రసాయనాలతో తయారుచేసి, కాల్చి గట్టిపరిచి లోపల పెడితే శరీరం దాన్ని పరాయిదిగా చూడదని విదేశాల్లో రాస్తున్నారట. అయితే గట్టి ముద్ద పెడితే ఎముక దాని అంచు దగ్గరే ఆగిపోతుంది. రంధ్రాలుంటే లోపలికి వస్తుంది. రంధ్రం మరీ సన్నగా ఉంటే రక్తనాళం పట్టదు. మరీ పెద్దదైతే ముక్కకు బలం ఉండదు. తల వెంట్రుక మందానికి కనీసం రెండు మూడింతలన్నా వెడల్పు ఉండాలి, పైగా అన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకోవాలి.

"చిల్లులు చేసేది కష్టం కాదు. చెప్పినంత చిల్లు, చెప్పినచోట చేసేదే కష్టం," అన్నారు సార్, డాక్టరు వెళ్ళిపోయాక.

పొడి చేయడం నా వంతు. సున్నపు లవణం కరిగించిన నీళ్ళలోకి ఫాస్ఫేటు నీళ్ళు చుక్క చుక్కగా వదలాలి, పక్కన అమ్మోనియా పోస్తూ క్షారగుణం తగ్గకుండా చూసుకోవాలి. చుక్క పడ్డచోటల్లా పాలు విరిగినట్టు తెల్లగా తేలేది. అమ్మోనియాకు కళ్ళు మండి నీళ్ళు కారేవి. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోతే అమ్మ నా మొహం చూసి "ఎవరేమన్నారే?" అని అడిగేది. ఎవరూ ఏమీ అనలేదని నమ్మించడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ తెల్లటి మడ్డిని కడిగి, వడగట్టి, ఎండబెట్టి, కాలిస్తే మెత్తటి పొడి వచ్చేది. నా ఎముకల్లో ఉన్నదే నా గరిటెలో ఉందని తలుచుకుంటే మొదట్లో ఒళ్ళు జలదరించేది.

రంధ్రాలకు మొదట మేం వాడింది కలరా ఉండలు. బీరువాల్లో బట్టల మధ్య వేసే ఆ తెల్ల ఉండల్ని దంచి, రవ్వ చేసి, పొడిలో కలిపి అచ్చులో నొక్కి కాలిస్తే, ఉండల రవ్వ ఆవిరైపోయి దాని చోటు ఖాళీగా మిగులుతుంది. రవ్వ ఎంత ఉంటే రంధ్రం సుమారుగా అంత. రవ్వను సైజుల వారీగా వేరు చేయడానికి జల్లెడలు కావాలి. మా నాన్నకు నగర్తపేటలో జల్లెడలూ ఇనుప వలలూ అమ్మే అంగడి ఉండేది. పొద్దున్నే అంగడికి వెళ్ళి అడిగాను.

"ఎంత సన్నంది కావాల్నమ్మా? మైదాకా, రవ్వకా?"

"కలరా ఉండలకు నాన్నా. ఎముకలో పెట్టేకి."

నాన్న తూకం రాయి పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "కలరా ఉండలు ఎముకలో పెడతారా? ఏమప్పా ఇది, సర్కారు వాళ్ళకు పని లేదా?"

అంతా వివరించి చెప్పాను. అర్థమైందో లేదో గాని రెండు సన్నజల్లెడలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం అంగడికి వచ్చిన ప్రతివాళ్ళకూ తన కూతురు ఎముకలు చేస్తోందని చెప్పాడట. చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళు ఆ తర్వాత ఎన్నాళ్ళో నన్ను చూసి "ఎముకలమ్మ వచ్చింది" అనేవాళ్ళు.

కలరా ఉండలు కాల్చిన వారం మా భవనమంతా పాత పెట్టె వాసన కొట్టింది. పై అంతస్తు వాళ్ళు వచ్చి పోట్లాడారు. ముక్కలు చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి. కోసి చూస్తే రంధ్రాలు గుండ్రంగా, దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. సార్ ఒక సాసరులో ఎర్ర సిరా పోసి ముక్కను నిలబెట్టారు. సిరా కొంచెం ఎగబాకి ఆగిపోయింది. ఎంతసేపు చూసినా అంతే. రంధ్రాలున్నాయిగాని చాలావాటికి ఒకదానికొకటి దారి లేదు. తలుపులు లేని గదులు. రవ్వ పాళ్ళు పెంచితే దారులు ఏర్పడ్డాయి గాని ముక్క చేతిలోనే రాలిపోయింది.

తర్వాత స్పాంజి పట్టుకున్నాం. విదేశాల్లో కరిగిన లోహాన్ని వడగట్టే పింగాణీని స్పాంజితో చేస్తారని సార్ ఎక్కడో చదివారు. పరుపుల అంగళ్ళు తిరిగి రకరకాల స్పాంజి ముక్కలు తెచ్చాను. ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టి చూశాను. డాక్టరు తెచ్చిన ఎముక లోపల చూసిన ఇల్లే ఇక్కడా ఉంది. అవే సన్న కమ్మీలు, అవే కిటికీలు. మేం రోజూ కూర్చునే కుర్చీల కింద ఇది ఉందా!

పొడిని నీళ్ళతో, కొంచెం జిగురుతో దోసెపిండిలా కలిపి, స్పాంజిని అందులో ముంచి, గాలి పోయేదాకా పిసికి, రెండు గొట్టాల మధ్య నొక్కి ఎక్కువైన పిండిని వదిలించాలి. ఎక్కువ వదిలిస్తే కమ్మీలు బలహీనం. తక్కువ వదిలిస్తే కిటికీలు మూసుకుపోతాయి. పిండి మరీ పలచనైతే కారిపోతుంది, చిక్కనైతే లోపలికి పోదు. ఆరాక కాల్చాలి. మొదటిసారి ఫర్నేసు తలుపు తీసేసరికి పళ్ళెంలో తెల్లటి బూడిద కుప్ప. రెండోసారీ అంతే. స్పాంజి ఒక్కసారిగా కాలి, దాని పొగ బయటికి తోసుకువచ్చే వేగానికి చుట్టూ ఉన్న పిండి పొర పేలిపోతోంది. ఆ బూడిద కుప్పను చూసి నేను చాలా దిగులుపడ్డాను. సార్ మాత్రం వేలితో కొంచెం తీసి రుద్ది చూసి, "తొందర చాలింక. మెల్లగా పోతాం," అన్నారు.

మెల్లగా పోయాం. స్పాంజి కాలే వేడి దాకా అంగుళం అంగుళం జరిగినట్టు వేడి పెంచాం. అది పూర్తిగా పోయాకే పన్నెండు వందల డిగ్రీలు దాటించి, మళ్ళీ అంత మెల్లగానూ చల్లార్చాం. ఫర్నేసు తెరిచిన పొద్దున విభాగంలోవాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

పళ్ళెం మీద తెల్లటి స్పాంజి ఉంది. నిజానికి స్పాంజి లేదు, ఎప్పుడో పొగై పోయింది. దాని ఆకారం మాత్రమే, ప్రతి కమ్మీ, ప్రతి కిటికీ, ముందుకన్నా కొంచెం కుంచించుకుని, తెల్లరాయిగా మారి నిలబడి ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. వేలితో మెల్లగా కొడితే సన్నగా గాజులా మోగింది. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటే వెలుగు లోపలినుంచి చుక్కలు చుక్కలుగా వచ్చింది. ఎప్పుడూ కసురుకునే మా స్టోర్‌కీపరు కూడా కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.

సార్ సాసరులో ఎర్ర సిరా పోశారు. ముక్క కింది అంచు తగిలీ తగలకముందే సిరా పైకి పాకడం మొదలైంది. తెల్లటి కమ్మీల వెంట, ఒక్కో కిటికీ దాటుకుంటూ, కొస దాకా ఎర్రబడిపోయింది. నేను చప్పట్లు కొట్టేశాను. ఆఫీసులో చప్పట్లు కొట్టానని ఆ తర్వాత సిగ్గేసింది.

అది మొదలే. కాల్చినప్పుడు ఎంత కుంచించుకుపోతుందో చూసుకుని, దానికి తగినట్టు పెద్ద కళ్ళున్న స్పాంజి వెతకడం, పిండి చిక్కదనం మార్చి కమ్మీ మందం మార్చడం, ఇలా కావలసిన రంధ్రం కావలసినట్టు తెచ్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. నాకు పెళ్ళయింది, మొదటి కాన్పు అయింది. తిరిగి వచ్చేసరికి ముక్కలు కుందేళ్ళలోకి చేరి ఉన్నాయి.

పశువైద్యులు కుందేళ్ళ తొడ ఎముకలో చిన్న గుంట చేసి మా ముక్కను పెట్టారు. కొన్ని నెలల తర్వాత ఆ ఎముక మా దగ్గరికి వచ్చింది. దాన్ని పలచగా కోసి, వెలుగు దూరేంత సన్నగా అరగదీసి, రంగు పట్టించి గాజుపలక మీద పెట్టాం. సార్ ముందు చూశారు. చూసి, పక్కకు జరిగి, నన్ను చూడమని చేయి చూపారు.

సూక్ష్మదర్శినిలో మేం చేసిన కమ్మీలు నల్లగా కనబడ్డాయి. వాటి మధ్య ఖాళీగా ఉండాల్సిన గదుల్లో ఖాళీ లేదు. గులాబిరంగు ఎముక ఉంది. కిటికీలోంచి వచ్చి, గోడను అంటుకుని, పొర మీద పొరగా పేరుకుంది. కొన్ని గదుల మధ్యలో చిన్న గుండ్రటి చోటు వదిలి ఉంది. అది రక్తనాళమన్నారు సార్. పింగాణీకీ ఎముకకూ మధ్య గీత కోసం వెతికాను. చాలాచోట్ల దొరకలేదు. మేం ఎవరినీ పిలవలేదు, ఏ దారీ చూపలేదు. ఊరికే తలుపులు తెరిచి పెట్టాం. ఆ కుందేలు ఎముక తనంతట తానే లోపలికి నడిచి వచ్చింది. కన్ను ఎత్తబుద్ధి కాలేదు.

"కాపురం పెట్టేసుండాది చూడమ్మా," అన్నారు సార్ వెనకనుంచి.

మనిషికి పెట్టడం అంత తేలిగ్గా జరగలేదు. ఆస్పత్రిలో పెద్ద డాక్టర్లు కూర్చుని చర్చించారు, ఇంకా పరీక్షలు అడిగారు, చేశాం. చివరికి ఒప్పుకున్నాక, డాక్టరు ఒక మనిషి పేరు చెప్పాడు. కబ్బన్‌పేటలో పట్టుచీరలు నేసే అతను. ముప్పై ఏళ్ళవాడు. మోకాలి కింద ఎముకలో నీటిబుడ్డలాంటిది వచ్చి లోపల బోలు పడింది. ఒకసారి గీరి, తుంటి ఎముకతో నింపారు. మళ్ళీ వచ్చింది. మగ్గం తొక్కలేక ఇంట్లో కూర్చున్నాడు.

"అతనిది తెలుగు. ఏం పెడుతున్నామో అతనికి నువ్వు వచ్చి చెప్తే బాగుంటుంది," అన్నాడు డాక్టరు.

వార్డులో అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్య పక్కన నిలబడి ఉంది. నేను డబ్బా తెరిచి ఒక ముక్క అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని ఎగరేసినట్టుగా తూకం చూసి, భార్యకు చూపాడు.

"ఏందమ్మా ఇది, మరమరాలకన్నా తేలిగ్గా ఉండాది! ఇది నా కాలిని మోస్తాదా?"

"ఇప్పుడు మొయ్యదప్పా," అన్నాను. "గట్టిగా నొక్కితే పొడైపోతుంది. నొక్కి చూడండి."

నొక్కాడు. చిట్లి తెల్లటి పొడి మంచం మీద రాలింది. అతని భార్య మొహం వాడిపోయింది.

"మరి లోపల ఇట్లే పగిలిపోతే?" అన్నాడతను.

"అందుకే నెలల తరబడి కాలు కింద మోపకూడదంటారు డాక్టరు. ఎముక దీని లోపలికి పెరిగేదాకా మీ కాలే దీన్ని కాపాడాలి. పెరిగాక రెండూ కలిసి మోస్తాయి."

"పెరిగేది మీరు చూసిండారా?"

"కుందేళ్ళలో చూశాను. మనిషిలో చూడలేదు."

అతను నన్ను సూటిగా చూశాడు. నేను అబద్ధం చెప్పి ఉంటే కనిపెట్టేవాడేమో. తర్వాత వేళ్ళకంటిన పొడి దులుపుకుని, "మీరూ చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు. ఇద్దరమూ చూస్తాం లెండమ్మా," అన్నాడు.

ఆపరేషన్ నాడు నన్నూ లోపలికి రానిచ్చారు. పచ్చటి గౌను వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని గోడ వారగా నిలబడ్డాను. డాక్టరు బోలును శుభ్రంగా గీరి, దాని కొలతకు ముక్కల్ని కత్తితో చెక్కాడు. సుద్దముక్క చెక్కినట్టు చప్పుడైంది. మొదటి ముక్కను లోపల పెట్టగానే, తెల్లగా ఉన్నది కింది నుంచి పైకి ఎర్రబడుతూ పోయింది. రెప్పపాటులో పూర్తిగా నిండింది. అది సిరా కాదు. ఒక మనిషి రక్తం మా గదులన్నీ తిరిగి చూస్తోంది. నేను గోడకు ఆనుకున్నాను. కళ్ళు తిరుగుతున్నాయనుకుని నర్సు నా చేయి పట్టుకుంది. కాదని తల ఊపి, మళ్ళీ ఆ ముక్క వైపే చూశాను.

తర్వాత అంతా ఎదురుచూపు. పిండికట్టు, చంకకర్రలు. అతని భార్య ఇంట్లో పట్టుదారం కండెలకు చుట్టి, పక్క మగ్గాలవాళ్ళకు ఇస్తూ సంసారం ఈడ్చింది. మొదటి ఎక్స్‌రేలో మా ముక్కలు తెల్లగా గుట్టగా కనబడ్డాయి, చుట్టూ నల్లటి గీత. ఆ గీతే ఖాళీ చోటు. తర్వాతి ఎక్స్‌రేలో గీత అక్కడక్కడ చెరిగింది. ఆ పైది తీసినప్పుడు డాక్టరు ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టి, పెన్సిల్ కొసతో చుట్టూ వెతికి, "గీత ఎక్కడ?" అని నన్నే అడిగాడు. లేదు. ఎక్కడ మా పని అయిపోయిందో, ఎక్కడ అతని ఎముక మొదలైందో చెప్పడానికి లేదు. తెలుపు తెలుపులో కలిసిపోయింది.

"కర్రలు పక్కన పెట్టి నిలబడు," అన్నాడు డాక్టరు.

అతను నిలబడ్డాడు. ముందు మంచి కాలి మీద. తర్వాత మెల్లగా, నీళ్ళలో అడుగు పెట్టేవాడిలా, రెండో కాలి మీద బరువు వదిలాడు. ఏ చప్పుడైనా వస్తుందేమోనని గదిలో అందరం చెవులు అటే పెట్టాం. ఏమీ రాలేదు. అతను ఒక అడుగు వేసి ఆగి, భార్య వైపు చూశాడు. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అందరికీ అలా కుదరలేదు. తర్వాతి వాళ్ళలో ఒకరికి చీము పట్టి, పెట్టినదాన్ని తీసేయాల్సి వచ్చింది. ఎముక రెండు ముక్కలై విరిగినచోట, బరువు నేరుగా పడే చోట మా పింగాణీ పనికిరాదని కూడా తెలిసింది. బలానికీ రంధ్రాలకూ మధ్య తగువు తీర్చడానికే మిగతా ఉద్యోగమంతా గడిచింది. మాకన్నా మంచి దారులు పట్టినవాళ్ళు తర్వాత చాలామంది వచ్చారు.

ఎనభైల చివర్లో ఒక ఆదివారం ఆ నేతగాడి ఇంటికి వెళ్ళాను. కబ్బన్‌పేట సందులోకి తిరగగానే మగ్గాల చప్పుడు. ఇంట్లో ముందు గదంతా మగ్గమే. అతను గుంటలో కాళ్ళు దించుకుని నేస్తున్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. దారం మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే, కింద చీకట్లో రెండు కాళ్ళూ వంతులవారీగా మగ్గం కర్రలు తొక్కడం కనబడుతోంది. రెంటిలో ఏది మేం ముట్టుకున్న కాలో ఆ చీకట్లో గుర్తుపట్టలేకపోయాను.

అతని భార్య కాఫీ తెచ్చింది. అతను గుంటలోంచి పైకి వచ్చి గట్టు మీద కూర్చుని, పంచె కొంచెం పైకి జరిపాడు. మోకాలి కింద కుట్ల మచ్చ సన్నగా మెరిసింది.

"పట్టి చూడమ్మా," అన్నాడు.

నేను సంకోచించాను. "చూడక్కా, ఏం కాదు," అంది అతని భార్య.

మచ్చ పక్కన అరచేయి ఆనించాను. గట్టిగా ఉంది. పైకీ కిందికీ తడిమాను. అంతా ఒకే తీరు.

"యాడ ఉండాదమ్మా అది?"

"తెలీడంలేదప్పా," అన్నాను.

"నాకూ తెలీదు," అన్నాడు నవ్వుతూ. "వానలు పడితే పాత దెబ్బలు లాగుతాయంటారే, అదీ లేదు. ఆపరేషన్ చేసిన కాలు ఏదని నా కూతురు అడిగితే ఆలోచించి చెప్పల్ల."

నా చేయి ఇంకా అక్కడే ఉంది. చర్మం కింద కాలు వెచ్చగా ఉంది. లోపల ఎక్కడో మేం కాల్చిన కమ్మీల మధ్య ఇతని రక్తం తిరుగుతోంది, అదే ఆ వెచ్చదనం. కాఫీ చల్లారిపోతోందని అతని భార్య రెండోసారి చెప్పాక గాని చేయి తీయలేదు.